ఎండుటాకు లెక్కకు అడవంతా తూచక్కర్లేదు

మీరు అడిగింది ఇది: నల్లమలలో ఒక రేంజ్, సుమారు 14,000 హెక్టార్లు. వేసవి అగ్గి ప్లానులో హెక్టారుకు ఎన్ని టన్నుల ఫ్యూయల్ (మంటకు ఇంధనమయ్యే ఎండుటాకు, గడ్డి, పుల్లలు) ఉందో రాయమన్నారు. చేతిలో నలుగురు మనుషులు, మూడు వారాల టైము. పుస్తకం చూస్తే ప్లాటు వేసి, ఆకంతా ఏరి, ఓవెన్‌లో ఎండబెట్టి తూచమంటోంది. అలా మొదలుపెడితే తొలకరి దాకా తెమలదు. పోయినేడాది అంకె మీదే 5 శాతం కలిపి రాసేద్దామని పక్క సెక్షన్ ఆయన సలహా ఇచ్చారు. మరేదైనా దారి ఉందా?

ఉంది. కొన్ని తూచండి, ఎక్కువ కంటితో అంచనా వేయండి, తూచినవాటితో ఆ కంటి అంచనాను సరిదిద్దండి. మిగతాదంతా ఈ పనిని ఎక్కడ, ఎప్పుడు, ఏ వరసలో చేయాలన్నదే. పక్క సెక్షన్ ఆయన చెప్పింది మాత్రం కాకి లెక్క. ఆ 5 శాతం ఎక్కడి నుంచి వచ్చిందని పైవాళ్ళు ఒక్క ప్రశ్న వేస్తే నీళ్ళు నమలాల్సిందే.

ముందు ఒక సంగతి తేల్చుకోండి. ఈ అంకెతో ఏం చేయబోతున్నారు? ఫైర్ లైన్ (అగ్గి దాటకుండా శుభ్రం చేసి ఉంచే పట్టీ) ఎక్కడ ఎంత వెడల్పు కొట్టాలి, ఏ బీట్‌కు ఎంతమంది వాచర్లను వేయాలి, ఎక్కడ ముందుగానే కంట్రోల్ బర్నింగ్ చేయాలి, అంటే మనమే అదుపులో తగలబెట్టాలి. అంతే కదా. వీటికి ఎంత ఖచ్చితత్వం కావాలో బైరమ్ 1959లో ఇచ్చిన లెక్కతో తెలుస్తుంది. మంట అంచున మీటరు పొడవుకు వెలువడే వేడి = ఇంధనం కాలితే వచ్చే శక్తి × చదరపు మీటరుకు కాలిన బరువు × మంట నడిచే వేగం. ఎండుటాకుకు కిలోకు సుమారు 18,000 కిలోజౌళ్ళు వేసుకోవచ్చు. చదరపు మీటరుకు 500 గ్రాముల ఆకు ఉండి, మంట నిమిషానికి ఒక మీటరు నడిస్తే మీటరుకు 150 కిలోవాట్లు వస్తుంది. మంట పొడవు 80 సెంటీమీటర్ల లోపే ఉంటుంది. పచ్చి కొమ్మలతో కొట్టి ఆర్పేయొచ్చు. అదే 800 గ్రాములుండి, కాస్త గాలి తోడై వేగం నిమిషానికి 2 మీటర్లయితే 480 కిలోవాట్లు, మంట 1.3 మీటర్లు. చేతి పనిముట్లతో మంటకు ఎదురు నిలవడానికి సాధారణంగా చెప్పే హద్దు సుమారు 350 కిలోవాట్లు, 1.2 మీటర్ల మంట. అంటే ఇక్కడ మీ మనుషుల్ని మంట ముందుకు పంపకూడదు.

ఇప్పుడు 500 గ్రాములను 550 చేసి చూడండి. మంట మూడు నాలుగు సెంటీమీటర్లు పెరుగుతుంది. దాంతో మీ ప్లానులో ఒక్క అక్షరం మారదు. 500కీ 800కీ తేడా తెలిస్తే చాలు, 500కీ 550కీ తేడా తెలియకపోయినా నష్టం లేదు. అందుకని 20 శాతం అటూ ఇటూ తప్పు ఉండొచ్చని ఒప్పుకోండి. ఒప్పుకుంటే ఏం మిగులుతుందో చూడండి. ప్లాటుకు ప్లాటుకు మధ్య బరువు తేడా సగటులో 60 శాతం ఉందనుకుందాం. మన అడవుల్లో రాళ్ళు, ఖాళీ నేల, చెట్టు కింద ఆకు గుట్టలు కలిసి ఉంటాయి కాబట్టి అంత ఉండటం వింతేమీ కాదు. అప్పుడు 20 శాతం తప్పుకు ఒక్కో రకం అడవిలో 36 ప్లాట్లు కావాలి. 10 శాతం తప్పే కావాలంటే 144. తప్పును సగానికి తగ్గించాలంటే పని నాలుగింతలవుతుంది.

అలాగే ఏది కొలవాలో కూడా ముందే తగ్గించుకోండి. మంట ముందు అంచును నడిపించేవి ఎండుటాకు, ఎండుగడ్డి, పెన్సిలు లావు లోపు పుల్లలు. వీటిని ఒక గంట ఇంధనం అంటారు. గాలిలో తేమ మారితే గంటలోనే ఇవీ మారిపోతాయి కాబట్టి ఆ పేరు. తర్వాత పెన్సిలు నుంచి బొటనవేలు లావు దాకా పది గంటలవి, బొటనవేలు నుంచి మణికట్టు కన్నా కాస్త లావు దాకా వంద గంటలవి, ఆపైవి వెయ్యి గంటలవి. అసలు హద్దులు 0.64, 2.54, 7.62 సెంటీమీటర్లు. రోథర్మెల్ 1972లో ఇచ్చిన మంట వేగం లెక్కలో 7.62 సెంటీమీటర్లు దాటిన దుంగలను లెక్కలోకే తీసుకోరు. దుంగలు మంటను పరిగెత్తించవు, రెండు మూడు రోజులు కాలుతూ కూర్చుంటాయి. అది వేరే తలనొప్పి, దాని గురించి తర్వాత. మీ మూడు వారాల్లో ముప్పాతిక భాగం ఆకుకీ గడ్డికీ ఇవ్వండి.

ఇక అడవిని విడదీయడం. 14,000 హెక్టార్లను ఒకే ముద్దగా చూస్తే ఎన్ని ప్లాట్లు వేసినా సగటుకు అర్థం ఉండదు. అలాగని కంపార్ట్‌మెంటుకొక (అడవిని విడగొట్టిన చిన్న ముక్కకొక) రకం అంటే పని తెమలదు. నేనైతే నల్లమలలో ఐదు రకాలు చేస్తాను: టేకు ప్లాంటేషన్లు, చిరుమాను, నల్లమద్ది, తునికి కలిసిన మామూలు అడవి, వెదురు పొదలు ఎక్కువున్న చోట్లు, కొండ నెత్తిమీద బోద గడ్డి మైదానాలు, వాగు గట్లు. మీరు రాయాల్సిన అంకె కంపార్ట్‌మెంటు వారీగా కావాలంటే ఆ కంపార్ట్‌మెంటులో ఏ రకం ఎన్ని హెక్టార్లుందో చూసి, ఆ పాళ్ళలో సగటు తీస్తే సరిపోతుంది. ప్రతి కంపార్ట్‌మెంటులోనూ కొలవక్కర్లేదు.

పోయిన వేసవిలో కాలిందా లేదా అన్నది కూడా రాసుకోండి. ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా పంపే అగ్గి అలర్టులు మీ డివిజన్ ఆఫీసులో ఉంటాయి. అవి ఉపగ్రహాల మీది సెన్సర్ల నుంచి వస్తాయి; విర్స్ నుంచి వచ్చినవైతే ఒక్కో చుక్క 375 మీటర్ల గడి, మోడిస్ నుంచి వచ్చినవైతే సుమారు కిలోమీటరు. ఆ చుక్క పడ్డచోటే కాలిందనుకోకండి, చుట్టుపక్కల అని అర్థం. బీట్ ఆఫీసరునూ, ఆ దారుల్లో తిరిగే చెంచు వాచర్లనూ అడిగితే ఎక్కడిదాకా కాలిందో కాలితో గీసి చూపిస్తారు. మ్యాపు కన్నా అదే నమ్మకం.

ఇక్కడ చాలామంది పడే పొరపాటు ఒకటుంది. "పదేళ్ళుగా కాలలేదు, కాబట్టి పదేళ్ళ ఆకు పేరుకుంది" అంటారు. చల్లని దేశాల్లో, సూదాకు చెట్ల కింద, అది కొంతవరకు నిజం. అక్కడ ఆకు కుళ్ళడానికి ఏళ్ళు పడుతుంది. మన ఎండుటాకు అడవుల్లో చెదలు, వానలు కలిసి వేసవిలో రాలిన ఆకులో చాలా భాగాన్ని ఆ వానాకాలంలోనే తినేస్తాయి. ఓల్సన్ 1963లో చెప్పిన లెక్క ప్రకారం నేలమీద నిలిచే ఆకు = ఏటా రాలేది ÷ ఏటా కుళ్ళే రేటు. కుళ్ళే రేటు ఒకటికి దగ్గరగా ఉంటే, నాలుగైదేళ్ళకే ఆ బరువు ఒక మట్టానికి వచ్చి ఆగిపోతుంది. పదేళ్ళు కాలని చోట పెరిగేది ముఖ్యంగా పుల్లలు, దుంగలు, పొదలు. ఆకు బరువును పదింతలు చేసి రాస్తే అది అబద్ధమే.

ఎప్పుడు వెళ్ళాలి? మన అడవిలో జాతిని బట్టి డిసెంబరు నుంచి మార్చి దాకా ఆకు రాలుతూనే ఉంటుంది. జనవరి మొదట్లో కొలిస్తే సగం ఆకు ఇంకా చెట్టు మీదే ఉంటుంది. మార్చి చివర కొలిస్తే ప్లాను పనికి రాదు, అప్పటికే అగ్గి మొదలైపోతుంది. జనవరి చివర నుంచి ఫిబ్రవరి మధ్య దాకా పెట్టుకోండి. మార్చి రెండో వారంలో అవే పాయింట్లలో పదింటికి వెళ్ళి కంటితో మాత్రం చూసి, ఎంత పెరిగిందో కలిపేయండి. చెట్టు మీద ఆకు ఎంత మిగిలిందో కూడా మొదటిసారే రాసుకోండి: అంతా ఉంది, సగం, పావు, ఏమీ లేదు. రెండు సెకన్ల పని, తర్వాత చాలా ఆదుకుంటుంది.

పాయింట్లు ఎక్కడ వేయాలి? ఇందులో నేను చేసిన తప్పు చెప్తాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక డివిజన్‌లో ఇదే పని నాకు అప్పగించారు. జీపు దిగి, దారి పక్కన ముప్పై నలభై అడుగులు లోపలికి నడిచి ఫ్రేము (ఆకు ఏరే హద్దు చూపే చదరపు చట్రం) వేసేవాణ్ణి. రోజుకు పాతిక ప్లాట్లు, అందరూ మెచ్చుకున్నారు. ఆ అంకె చూసి కొన్ని చోట్ల మూడు మీటర్ల ఫైర్ లైన్ చాలనుకున్నాం. ఏప్రిల్‌లో అగ్గి దాన్ని కాలువ దాటినట్టు దాటేసింది. తర్వాత లోపలికి వెళ్ళి కొలిస్తే, నేను రాసినదానికి దాదాపు రెండింతలుంది. దారి పక్కన పశువులు తొక్కుతాయి, మనుషులు పుల్లలు ఏరుకుంటారు, పాత లైన్లు శుభ్రం చేసి ఉంటాయి. నేను కొలిచింది అడవిని కాదు, రోడ్డు పక్కనున్న అడవిని.

అందుకని పాయింట్లు ఆఫీసులోనే, మ్యాపు మీద, చీటీలు తీసినట్టు వేసేయండి. క్యూజీఐఎస్ అనే మ్యాపుల సాఫ్ట్‌వేర్ ఒక్క నొక్కుతో వేసిస్తుంది. రకానికి పది పాయింట్లు, మొత్తం యాభై. నిజంగానే ఎక్కలేని కొండ చరియ పడితే వదిలేయండి గానీ, వదిలేసినట్టు రాయండి. జీపీఎస్ "చేరారు" అన్నాక, దిక్సూచి చూస్తూ ఇంకో పది అడుగులు నేరుగా నడిచి, బూటు ముక్కు ఎక్కడుంటే అక్కడ ఫ్రేము పెట్టాలి. ఆ పది అడుగులు ఎందుకంటే, జీపీఎస్ అటూ ఇటూ ఊగుతున్నప్పుడు మన కాలు తెలియకుండానే ఆకు బాగున్న చోటికి పోతుంది. ఫ్రేము బండ మీద పడిందా? సున్నా రాయండి. "ఇక్కడ ఏమీ లేదు సార్, కాస్త పక్కకు జరుపుదాం" అని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. జరపనివ్వకండి. అడవిలో పాతిక శాతం బండ ఉంటే మీ ఫ్రేముల్లో కూడా దాదాపు పాతిక శాతం బండ మీద పడాలి. అవి లేకపోతే మీ సగటు ఎక్కువ చూపిస్తుంది.

ఇప్పుడు అసలు విషయం, కన్ను, త్రాసు కలిసి చేసే పని.

ప్రతి పాయింటు దగ్గర ఒక దిక్కు పట్టుకుని 20 మీటర్లకొకటి చొప్పున ఐదు ఫ్రేములు వేయండి. 50 సెంటీమీటర్ల చదరం, ప్లాస్టిక్ పైపుతో మీరే చేసుకోవచ్చు. టేకు ఉన్నచోట మాత్రం మీటరు చదరం వాడండి. టేకాకు ఒక్కటే చిన్న ఫ్రేములో సగం ఆక్రమిస్తుంది, లోపలా బయటా అన్న గొడవతోనే తేడా వచ్చేస్తుంది. ఐదింటికీ ముందు కంటి అంచనా రాయండి, చదరపు మీటరుకు ఇన్ని గ్రాములని. పెన్నుతో. తర్వాత ఆ ఐదింటిలో ఒక్కదాన్ని మాత్రమే ఏరి తూచండి. 50 సెంటీమీటర్ల ఫ్రేములో వచ్చిన బరువును నాలుగుతో గుణిస్తే చదరపు మీటరు లెక్క అవుతుంది. ఏది తూచాలో పొద్దున బయల్దేరేముందే చీటీ వేసి రాసుకోండి. తూచేది ఏదో అంచనా వేసేవాళ్ళకు ముందే తెలియకూడదు. తెలిస్తే దాని దగ్గర జాగ్రత్తగా చూస్తారు, మిగతా నాలుగింటి దగ్గర చేతికొచ్చింది రాస్తారు. అంచనా రాశాక తూచి, "అరే" అనుకుని వెనక్కి వెళ్ళి దిద్దడం అన్నిటికన్నా పెద్ద పాపం. పెన్ను అన్నది అందుకే.

లెక్క ఇలా ఉంటుంది. ఉదాహరణకు ఒక రకం అడవిలో తూచిన పది ఫ్రేముల్లో కంటి అంచనా సగటు 420 గ్రాములు, త్రాసు సగటు 510 గ్రాములు వచ్చాయనుకోండి. 510ని 420తో భాగిస్తే 1.21. యాభై ఫ్రేముల కంటి సగటు 450 అనుకుంటే, దాన్ని 1.21తో గుణిస్తే సుమారు 545 గ్రాములు. చదరపు మీటరుకు 100 గ్రాములంటే హెక్టారుకు ఒక టన్ను కాబట్టి, హెక్టారుకు 5.4, 5.5 టన్నులు. ఒక్కో ఫ్రేముకు విడివిడిగా భాగహారం చేసి వాటి సగటు తీయకండి. ఆకు తక్కువున్న ఫ్రేము ఒక్కటి మొత్తం లెక్కను తలకిందులు చేస్తుంది. మొత్తాన్ని మొత్తంతో భాగించాలి. తప్పు ఎంతో తేల్చేటప్పుడు ఒకే పాయింటులోని ఐదు ఫ్రేముల సగటును ఒక అంకెగా తీసుకోండి, ఐదుగా కాదు. పక్కపక్కనున్నవి ఒకదాన్నొకటి పోలి ఉంటాయి.

శ్రమ లెక్క కూడా చూడండి. ఒక ఫ్రేము ఏరి, రాళ్ళు, మట్టి వేరుచేసి తూచడానికి ఇద్దరికి సుమారు 25 నిమిషాలు. కంటితో చూడ్డానికి మూడు నిమిషాలు. రకానికి 36 చొప్పున ఐదు రకాలకూ తూచితే 180 ఫ్రేములు, 75 గంటలు. పైన చెప్పిన పద్ధతిలో 50 తూకాలకు 21 గంటలు, మిగతా 200 ఫ్రేముల అంచనాకు 10 గంటలు, మొత్తం 31. ఇద్దరిద్దరు చొప్పున రెండు జట్లు, జట్టుకు రోజుకు మూడు నాలుగు పాయింట్లు. నడక, ఎండ, జీపు చెడిపోవడం అన్నీ కలుపుకున్నా పది రోజుల్లో తేలిపోతుంది.

ఇది పనిచేయాలంటే కన్ను నిలకడగా ఉండాలి. కన్ను సరిగ్గా చెప్పక్కర్లేదు. ఎప్పుడూ పావు వంతు తక్కువ చెప్పే మనిషి దొరికితే బంగారం, ఆ పావు వంతును లెక్కలో కలిపేస్తాం. ఒకసారి ఎక్కువ, ఒకసారి తక్కువ చెప్పేవాడితోనే చిక్కు. పది జతలు రాగానే గ్రాఫు కాగితం మీద చుక్కలు పెట్టండి, అడ్డంగా అంచనా, నిలువుగా తూకం. చుక్కలు ఒక గీత చుట్టూ ఉంటే మంచిది. కళ్ళంలో చల్లిన గింజల్లా ఉంటే ఆయన చేత జీపీఎస్ పట్టించండి, అంచనా వేరేవాళ్ళ చేత వేయించండి. ఇద్దరు అంచనా వేస్తుంటే ఇద్దరికీ వేర్వేరు గుణకాలు (పైన చూసిన 1.21 లాంటివి) తీయాలి, కలపకూడదు.

కన్నును తయారుచేసుకోవడానికి మొదటి రెండు రోజులు ఖర్చుపెట్టండి. తూచబోయే ప్రతి ఫ్రేముకూ ఏరకముందు, నిలబడి, ఒకే ఎత్తు నుంచి ఫోటో తీయండి. తర్వాత ఆ బరువు ఫోటో మీద రాసి, 100, 200, 400, 600, 900 గ్రాముల ఫోటోలు ఏరి, ప్రింటు తీసి లామినేట్ చేయించండి. జట్టుకొక సెట్టు. అమెరికాలో కీన్, డికిన్సన్ 2007లో ఫోటోలోడ్ అన్న పేరుతో ఇలాంటి పద్ధతినే ఇచ్చారు. వాళ్ళ ఫోటోలు మాత్రం మనకు పనికిరావు, అవి వాళ్ళ అడవుల ఇంధనాలు. మన టేకాకు, మన చిరుమాను ఆకు ఫోటోలు మనమే చేసుకోవాలి. నేను చేసిన పాత సెట్టు ఒకటి అంచులు చెదలు తినేసినా ఇప్పటికీ బీరువాలో ఉంది.

ఆకు మందం కొలిచి బరువు తెలుసుకోవచ్చు కదా అని అడుగుతారు. ఆస్ట్రేలియాలో యూకలిప్టస్ అడవుల్లో చిన్న బిళ్ళను ఆకు మీద ఆనించి స్కేలుతో లోతు చూసే పద్ధతి బాగా నడుస్తుంది. ఇక్కడా వాడొచ్చు గానీ జాగ్రత్త. 4 సెంటీమీటర్ల మందానికి 500 గ్రాములుంటే సెంటీమీటరుకు 125 గ్రాములు. ఆ అంకె మీ అడవిలో, మీరు తూచి తేల్చుకున్నదై ఉండాలి. టేకాకు ఎండితే దోనెలా ముడుచుకుంటుంది. లోపలంతా గాలే. స్కేలు పది సెంటీమీటర్లు చూపించినా బరువు అంతగా ఉండదు. పైగా ఫిబ్రవరిలో ఒక్క చినుకు పడితే చాలు, ఆ పొర అణిగి సగమైపోతుంది. బరువు మాత్రం అదే. ముందు వారం కొలిచినదాన్నీ వాన తర్వాత కొలిచినదాన్నీ కలిపితే అంతా గందరగోళం. అయినా మందం రాసుకోవడం మానకండి. బరువు ఒకటే అయినా వదులుగా పరుచుకున్న ఆకు, అణిగిన ఆకు ఒకేలా కాలవు. రోథర్మెల్ లెక్కకు మందం కూడా కావాలి. ఫ్రేముకు మూడు చోట్ల స్కేలు గుచ్చి సగటు రాయండి.

తేమ సంగతి. పొద్దున మంచు పడ్డ ఆకు తూకం, మధ్యాహ్నం ఆకు తూకం ఒకటి కాదు. అన్నీ ఓవెన్‌లో పెట్టక్కర్లేదు. తూచినదాన్ని అక్కడే మొత్తం తూచి, అందులోంచి ఒక గుప్పెడు, నూరు గ్రాములకు పైన, పేపరు కవర్లో వేసి, పచ్చి బరువు వెంటనే కవరు మీద రాయండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు, నాలుగు రోజులకు బూజు పడుతుంది. దగ్గర్లోని వ్యవసాయ కాలేజీలోనో కృషి విజ్ఞాన కేంద్రంలోనో ఓవెన్ అడిగితే ఇస్తారు. 105 డిగ్రీల్లో 24 గంటలు. పచ్చి 120 గ్రాములు ఎండాక 105 అయితే తేమ 14.3 శాతం, ఎండు బరువు మీద. ఫ్రేములో మొత్తం పచ్చి బరువు 560 ఉంటే, 1.143తో భాగిస్తే 490. ఈ చిన్న భాగహారం మర్చిపోయి, పచ్చి బరువునే ప్లానులో రాసిన వాళ్ళను చూశాను. మట్టి కూడా అంతే. ఎర్రమట్టి అంటిన ఆకు దులపకుండా తూచితే పదో వంతు మట్టే తూగొచ్చు. జల్లెడ ఒకటి పట్టుకెళ్ళండి.

పుల్లలకూ దుంగలకూ ఏరి తూచడం దండగ. గీత పద్ధతి వాడండి. వాన్ వాగ్నర్ 1968లో లెక్క ఇచ్చారు, బ్రౌన్ 1974లో దాన్ని ఫీల్డు వాళ్ళు వాడుకునేలా చేశారు. నేలమీద టేపు పరిచి, దాన్ని దాటే పుల్లలను ఎంచడమే. చిన్న పుల్లలకు రెండు మీటర్లు చాలు, వంద గంటలవాటికి మూడు నాలుగు మీటర్లు, దుంగలకు కనీసం 15, 20 మీటర్లు. దుంగలకైతే టేపు దాటిన చోట వ్యాసం సెంటీమీటర్లలో కొలవాలి. వ్యాసాల వర్గాల మొత్తాన్ని 1.234తో గుణించి టేపు పొడవు మీటర్లతో భాగిస్తే హెక్టారుకు ఎన్ని ఘనపు మీటర్లో వచ్చేస్తుంది. 20 మీటర్ల టేపును 9, 12, 15 సెంటీమీటర్ల దుంగలు మూడు దాటాయనుకోండి. 81, 144, 225 కలిపితే 450. జవాబు 27.8 ఘనపు మీటర్లు. కర్ర సాంద్రత 0.6 అనుకుంటే హెక్టారుకు 16.7 టన్నులు. ఒక్క టేపుతో వచ్చిన అంకెను నమ్మకండి, ఇది లెక్క చూపించడానికే. కొండవాలు మీద దుంగలు ఒకే దిక్కున పడి ఉంటాయి కాబట్టి టేపును ఒకే దిక్కుకు వేయకండి, త్రిభుజంలా మూడు వైపులా వేస్తే పక్షపాతం తగ్గుతుంది.

16.7 టన్నులని చూసి కంగారు పడకండి. ఇందాక చెప్పినట్టు ఇవి మంటను నడిపించవు. మంట ఆరిపోయిందని వాచర్లు బేస్ క్యాంపుకు వెళ్ళాక, రెండోరోజు మధ్యాహ్నం గాలికి మళ్ళీ రాజుకునేది వీటి నుంచే. ప్లానులో దుంగల టన్నులను ఆకు టన్నులతో కలిపి ఒకే అంకెగా రాయకండి. వేరే కాలమ్‌లో రాసి, ఎక్కడ ఎక్కువ ఉన్నాయో అక్కడ "ఆర్పాక రెండు రోజుల కాపలా" అని పెట్టండి.

వెదురు దగ్గర ఈ గీత లెక్క దెబ్బతింటుంది. సాధన వెదురు మన ఎండు నేలల్లో దాదాపు గట్టిగానే ఉంటుంది, కాబట్టి పెద్ద తేడా రాదు. ముళ్ళ వెదురు బోలు. దాన్ని దుంగలా లెక్కేస్తే లేని కర్రను ఉన్నట్టు రాసినవాళ్ళమవుతాం. రెండు మూడు గడలు మీటరు ముక్కలుగా కోసి తూచి, మీటరుకు ఎన్ని కిలోలో తేల్చుకుని వాడండి. వెదురు పూసి చచ్చిన పొద ఉంటే ఏ సగటులోనూ కలపకండి. అది వేరే జాతి ప్రమాదం. మ్యాపు మీద ఎర్రచుక్క పెట్టండి, చాలు.

గడ్డి మైదానాల్లో ఏరడం కాదు, కొడవలితో నేలకు దగ్గరగా కోసి తూచాలి. మిగతాదంతా అదే పద్ధతి. దక్షిణాఫ్రికాలో క్రూగర్ పార్కు వాళ్ళు ఒక బిళ్ళను గడ్డి మీద జారవిడిచి, అది ఎంత ఎత్తున ఆగిందో చూసి బరువు చెప్తారు. మంచి ఉపాయం, రేకుతో మీరూ చేసుకోవచ్చు. వాళ్ళ సూత్రంలోని అంకెలు మాత్రం తెచ్చుకోకండి, మీ గడ్డిని మీరే కోసి కొలత కట్టుకోవాలి. గడ్డి విషయంలో ఒక హెచ్చరిక: టన్నులు తక్కువని తేలిగ్గా తీసుకోవద్దు. బరువు సగమే అయినా వేగం ఎన్నో రెట్లు. 2018 మార్చి 11న తమిళనాడులోని కురంగణి కొండల్లో ట్రెక్కింగుకు వెళ్ళినవాళ్ళు చిక్కుకున్నది ఎండుగడ్డి వాలు మీదే. వాలు ప్రతి 10 డిగ్రీలకు ఎగువకు పాకే మంట వేగం దాదాపు రెట్టింపవుతుందన్నది పాత లెక్క. కాబట్టి ప్రతి పాయింటులో వాలు ఎంతో రాయడం మర్చిపోకండి. తర్వాత మళ్ళీ వెళ్ళి కొలవాలంటే తల ప్రాణం తోకకొస్తుంది.

ఉపగ్రహంతో చేసేయొచ్చని ఎవరైనా అంటే, సగమే నిజం. సెంటినెల్-2 బొమ్మలు ఉచితంగా వస్తాయి, 10 మీటర్ల గడి, ఐదు రోజులకొకసారి. ఏ అడవి ఎప్పుడు ఆకు రాల్చిందో, ఎక్కడ కాలిందో చక్కగా తెలుస్తుంది. రకాలు విడదీయడానికి వాడండి. నేలమీద చదరపు మీటరుకు ఎన్ని గ్రాములుందో పైనుంచి అది చూడలేదు.

ఫ్రేములోకి చెయ్యి పెట్టే ముందు కర్రతో కదిలించండి. రాతి నేలలో ఎండుటాకు కింద చిన్నపింజర్లు, తేళ్ళు ఉంటాయి. తోలు గ్లౌజులు బడ్జెట్లో పెట్టించుకోండి, త్రాసు కన్నా ముందు అవే. పెద్దపులి తిరిగే బీట్లలో తెల్లవారుజామున, సాయంత్రం వెళ్ళకండి. ఎలాగూ ఆ వేళ ఆకు తడిగానే ఉంటుంది.

చివరగా ప్లానులో ఎలా రాయాలో చెప్తాను, ఎందుకంటే మంచి కొలతలు చెడ్డ పట్టికలో పోవడం చాలాసార్లు చూశాను. "5.46 టన్నులు" అని రాయకండి. "5.5 టన్నులు, 20 శాతం అటూ ఇటూ" అని రాయండి. దాని పక్కన నాలుగు కాలమ్‌లు: కొలిచిన తేదీ, చెట్టు మీద మిగిలిన ఆకు, తూచినవి ఎన్ని, కంటితో చూసినవి ఎన్ని. వీలైతే ఇంకొకటి: గంటకు ఇంత గాలి ఉంటే మంట ఎంత ఎత్తు లేస్తుందని మీ వాచర్ చెప్పాడు. వాళ్ళు టన్నుల్లో చెప్పరు, "మోకాలు దాకా", "నడుము దాకా" అంటారు. మీ లెక్క మోకాలంటుంటే వాళ్ళు నడుమంటే, ప్లాను పంపేముందు ఆ పాయింటుకు ఇంకోసారి వెళ్ళిరండి. నా అనుభవంలో అలాంటప్పుడు సగానికి పైగా లెక్కదే తప్పు.

మొదటి రెండు రోజుల తూకాలు వచ్చాక ఆ పది జతల అంకెలూ ఇక్కడ పెట్టండి. గీత చుట్టూ ఉన్నాయో లేదో చూసి చెప్తాను.